ఆగస్టులో సిసిలీ: అమ్మగారితో, పిల్లలతో ఎక్కడ బస చేయాలి?

ఆగస్టు రెండో వారంలో అమ్మగారితో, ఇద్దరు చిన్నపిల్లలతో ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్తున్నామని, కారు లేకుండా, శాకాహారం దొరికేలా ఎక్కడ ఉండాలో తెలియడం లేదని రాశారు. చెఫలూ అనే తీరపట్టణంలో ఉండండి. సిసిలీ రాజధాని పలెర్మో నుంచి రైలులో సుమారు గంట ప్రయాణం. స్టేషను నుంచి ఇసుక తీరానికి నడిచే వెళ్లవచ్చు, ఒడ్డున లోతు తక్కువ కాబట్టి పిల్లలు మోకాలి లోతు నీటిలో ఆడుకుంటుంటే మీరు పక్కనే ఉండి చూసుకోవచ్చు.

రోహిణి కార్తె ఎండలు చూసినవాళ్లమే కదా అని మాత్రం అనుకోవద్దు. 2021 ఆగస్టు 11న ఇదే ద్వీపంలో, సిరాకూసా దగ్గర, ఐరోపాలోనే రికార్డుగా 48.8 డిగ్రీలు నమోదైంది. అందుకే ఏసీ ఉన్న గదే తీసుకోండి. ఉదయం సముద్రం, మధ్యాహ్నం విశ్రాంతి, చల్లబడ్డాక 1131లో రెండవ రోజర్ రాజు మొదలుపెట్టించిన చెఫలూ కెథడ్రల్ (ప్రధాన చర్చి) చూడండి. బంగారు మొజాయిక్‌లో మెరిసే ఆ క్రీస్తు ముఖం ఎదుట అమ్మగారు తప్పక కాసేపు నిలబడిపోతారు.

15వ తేదీ ఫెర్రగోస్తో పండుగ, దేశమంతా సెలవు; గది ఇప్పుడే బుక్ చేసుకోండి.

భోజనానికి పాస్తా అల్లా నోర్మా అడగండి: వేయించిన వంకాయ, టమాటా, తులసిని పోలిన బాసిల్ ఆకు, పైన తురిమిన ఉప్పటి రికోటా చీజ్. పొద్దున బాదం గ్రానీతా (మెత్తటి ఐస్ లాంటి చల్లటి పదార్థం) బాగుంటుంది, కానీ దానితో ఇచ్చే బ్రియోష్ రొట్టెలో గుడ్డు ఉంటుందని అమ్మగారికి ముందే చెప్పండి.