చూపెట్టుకోమని సీసాలిస్తే తనవే అంటున్నాడు!

ప్రశ్న: మాది కర్నూలు. ఇరవై ఏళ్లుగా పాత కూల్‌డ్రింక్, సోడా సీసాలు సేకరిస్తున్నాను. రామచంద్రపురం ఆర్టోస్, విరుదునగర్ కాళీమార్క్ వాళ్ల బొవాంటో, మూతపడిన సోడా కంపెనీల గోలీసీసాలు నా దగ్గరున్నాయి. 2018లో స్నేహితుడు హోటల్ పెడుతూ గోడ అల్మారాలో అలంకరణకు అడిగితే 64 సీసాలిచ్చాను. కాగితం రాసుకోలేదు. అల్మారా కింద 'సేకరణ' అని నా పేరుతో బోర్డు పెట్టాడు, తర్వాత దాన్నీ పీకేశాడు. ఆ అవమానం తట్టుకోలేకపోతున్నాను. 2023 డిసెంబరు 14న 'అవి నువ్వు కానుకగా ఇచ్చినవి, ఇవ్వను' అని వాట్సాప్ చేశాడు. ఇచ్చి ఏడేళ్లు దాటింది కాబట్టి కేసు చెల్లదంటున్నారు. పాత తేదీతో అగ్రిమెంట్ సృష్టించుకోమని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయాలి?

జవాబు: స్నేహద్రోహం సంగతి కోర్టుకు అక్కర్లేదు. అవమానమని రాశారే, ఆ బోర్డే మీ కేసు.

చరాస్తిని కానుకగా ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికిస్తే చాలు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 చెప్పేది అదే. కాబట్టి ఆయన 'కానుక' వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. దానికి అడ్డుపడేది ఆయనే పెట్టిన బోర్డు. మీ పేరుతో 'సేకరణ' అని రాశాడంటే అవి మీవేనని ఆయనే ఒప్పుకున్నట్టని వాదించవచ్చు. ప్రారంభోత్సవం ఫొటోలు వెతకండి. హోటల్ వాళ్లే ఫేస్‌బుక్‌లో పెట్టి ఉంటే మరీ మంచిది. ఫొటో పెద్దది చేసి అక్షరాలు చదవండి. 'బహూకరణ' అని ఉంటే మాత్రం మీ కేసు చాలా బలహీనపడుతుంది.

ఇక గడువు. ఇచ్చిన రోజు నుంచి లెక్క కాదు. నమ్మి అప్పగించిన వస్తువుకు, అడిగాక ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్లు (లిమిటేషన్ చట్టం, ఆర్టికల్ 70). మీ లెక్క ప్రకారం 2026 డిసెంబరు 14 ఆఖరు. అంతకుముందే ఎప్పుడైనా ఇవ్వనని తెగేసి చెప్పి ఉంటే లెక్క అప్పటినుంచే మొదలవుతుంది. ఆ విషయం మీ లాయరు దగ్గర దాచకండి. కొత్తగా నోటీసిచ్చి, దానికి ఆయన కాదన్న రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయనుకోవద్దు. ఒకసారి మొదలైన గడువు ఆగదు. నమ్మకద్రోహం కింద పోలీసుల దగ్గరికి వెళ్లవచ్చు గానీ, స్టేషన్ చుట్టూ తిరిగిన రోజుల్ని ఎవరూ గడువులోంచి తీసెయ్యరు.

పాత తేదీ అగ్రిమెంట్ జోలికి పొరపాటున కూడా పోవద్దు. స్టాంపు పేపరు వెనక అమ్మిన తేదీ, సీరియల్ నంబరు, కొన్నవారి పేరు ఉంటాయి. వెండరు రిజిస్టరు పిలిపిస్తే బండారం బయటపడుతుంది. అయినా అందులో ఆయన సంతకం ఎవరు పెడతారు? అది ఫోర్జరీ. వాది కావాల్సిన మీరు ముద్దాయి అవుతారు.

ఇరవై ఏళ్లు సేకరించిన మనిషి, 64 సీసాలకు ఒక నోటుబుక్కు కూడా పెట్టుకోకపోవడం ఏం పని? ఇప్పుడైనా కూర్చుని రాయండి. గాజు మీద ఉబ్బెత్తుగా పోసిన కంపెనీ పేరు, రంగు, అడుగున అచ్చు గుర్తు, గోలీసీసా మెడ దగ్గర నొక్కు, మూతి దగ్గర పెచ్చు లేచిన చోటు, ఏ సీసాకు ఏ గుర్తుందో వివరంగా ఉండాలి. 'పాత సీసాలు 64' అని రాస్తే ఆయన సంతలో కొన్న 64 సీసాలు మీ ముందు పెడతాడు.

ఆ జాబితాతో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7, 8 సెక్షన్ల కింద సీసాలే తిరిగి ఇప్పించమని దావా వేయండి. ఇలాంటి వాటికి ఖచ్చితమైన మార్కెట్ రేటు లేకపోవడం ఇక్కడ మీకు కలిసొస్తుంది. డబ్బుతో నష్టం తీరదని వాదించవచ్చు. అయినా విలువ వేసి చూపాలి, వస్తువు దొరక్కపోతే ఎంత ఇవ్వాలో డిక్రీలో, అంటే కోర్టు తుది ఉత్తర్వులో, రాయాలి కదా. దావాతోపాటే అమ్మకుండా ఇంజంక్షనుకు, అల్మారా పరిశీలించి ఫొటోలు తీయడానికి అడ్వొకేట్ కమిషనరుకు (కోర్టు నియమించే లాయరు) పిటిషన్లు పెట్టండి. వాట్సాప్ వచ్చిన ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. ప్రింటు తీసి పెడితే సరిపోదు, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. ఆ రోజు సీసాలు మోసిన ఆటో డ్రైవరు దొరికితే సాక్షిగా పనికొస్తాడు.

ఖర్చు భయమైతే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోరే) పిటిషన్ ఇవ్వండి, కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం. ఒక్కో సీసా సరిచూసుకుని, జాబితా మీద ఇద్దరూ సంతకాలు పెట్టాకే తీసుకోండి. ఆయన రాకపోతే ఎదురుచూస్తూ కూర్చోవద్దు, 2026 నవంబరులోపు దావా వేసేయండి.