ఒక్క మ్యాచ్ కూడా ఓడని అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ (చేత్తో బంతి పట్టుకుని ఆడే ఆట) జట్టుకు టైటిల్ కోసం ఆడే అవకాశం ఇవ్వాలా?

ఇచ్చి తీరాలి. "చిన్న జట్లను ఓడించి అజేయంగా నిలిస్తే సరిపోతుందా?" అని అడుగుతారు కొందరు. నేను 2017లో ఓర్లాండోలో, సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీలో ఎంఎస్ చదువుతున్నాను. ఆ సీజన్ కళ్లారా చూశాను.

2015లో మా జట్టు ఆడిన 12 మ్యాచ్‌లూ ఓడింది. రెండేళ్లు తిరిగేసరికి ఓటమే లేదు. నవంబరులో సౌత్ ఫ్లోరిడాతో మ్యాచ్‌కి వెళ్లాను. అప్పటికి నాకు రూల్స్ సగమే తెలుసు. రెండు నిమిషాల లోపే ఆట మిగిలి ఉండగా వాళ్లు 42-42తో సమం చేశారు. స్టేడియమంతా నీరుగారిపోయింది. ఆ వెంటనే వాళ్లు తన్నిన కిక్‌ఆఫ్‌లో మా మైక్ హ్యూస్ బంతి అందుకుని 95 గజాలు పరిగెత్తి, బంతిని అవతలి గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. జనం గెంతుతుంటే కాళ్ల కింద స్టాండ్ ఊగిపోయింది. ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయన నన్ను పట్టుకుని ఏడ్చేశాడు.

అయినా జట్లకు ర్యాంకులిచ్చే కమిటీ మాకిచ్చింది 12వ ర్యాంకు. టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో అప్పట్లో నాలుగు జట్లకే చోటు. మాకు పీచ్ బౌల్‌లో (సీజన్ చివర ఆడే ఒక ప్రత్యేక మ్యాచ్) ఆబర్న్ జట్టుతో పోటీ పడింది. అదే సీజన్‌లో అగ్ర జట్లైన జార్జియానీ, అలబామానీ కూడా ఓడించిన జట్టది. జనవరి 1న అట్లాంటాలో మావాళ్లు దాన్ని 34-27తో ఓడించారు. ఎడమ అరచెయ్యి లేని మా షకీమ్ గ్రిఫిన్, ఆబర్న్ క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరి ఆట నడిపించే ఆటగాణ్ణి) పడగొడుతుంటే మా రూమ్‌లో ఎవరూ కూర్చుని లేరు. వారం తర్వాత అదే స్టేడియంలో అలబామా, జార్జియా టైటిల్ కోసం ఆడాయి.

షెడ్యూల్ తేలికంటారు. పెద్ద జట్లతో మ్యాచ్‌లు ఏళ్ల ముందే ఖరారవుతాయి, అది కుర్రాళ్ల చేతిలో లేదు. జార్జియా టెక్‌తో ఉన్న మ్యాచేమో ఇర్మా తుఫానుకి రద్దయింది. పోనీ, పెద్ద కాన్ఫరెన్స్‌లో (జట్ల కూటమిలో) ఉంటే న్యాయం జరుగుతుందా? 2023లో ఫ్లోరిడా స్టేట్ 13-0తో నిలిచినా, క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ గాయపడ్డాడని పక్కన పెట్టారు. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడారు కదా అంటారు. అప్పటికే చాలామంది ఆటగాళ్లు తప్పుకున్నారు, అది కొలమానం కాదు.

నేను కప్పు ఇమ్మనడం లేదు, ఆడనివ్వమంటున్నాను. 2021లో, అప్పుడు మా కాన్ఫరెన్స్‌లోనే ఉన్న సిన్సినాటీ జట్టుకు ఆ అవకాశం దక్కింది. అలబామా చేతిలో 27-6తో ఓడింది. మైదానంలో ఓడితే ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లు ఆడుతున్నాయి. ఆ పద్ధతే 2017లో ఉంటే మా జట్టుకూ చోటు దొరికేది. గ్రిఫిన్‌కీ, హ్యూస్‌కీ ఆ అవకాశం మళ్లీ రాలేదు.