ఆ ఒక్క ‘ట’

బంగారూ,

హైదరాబాద్‌లో న్యూస్ చానల్ డెస్కులో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఆ సంతోషంలో మీ పెదనాన్న డబ్బాలో ఉన్న మైసూర్‌పాకంతా ఖాళీ చేశాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. పదిహేడేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని, మా ఇంటి పిల్ల అక్కడికే వెళ్తోందంటే గర్వం ఉండదా? ఉంది. దానికంటే ముందు గుండెల్లో దడ మొదలైంది.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. నైట్ షిఫ్టయితే క్యాబ్ నంబరు అమ్మకు పంపు. ఊళ్ల పేర్లు రెండుసార్లు సరిచూసుకో. పాత విజువల్ వేస్తే మూలన ‘ఫైల్’ అని పడిందో లేదో చూడు. గురువారం రేటింగులు చూసి ఎవరు అరిచినా మనసుకు పట్టించుకోకు. అన్నం వేళకు తిను. వినవు, తెలుసు.

జనం మనల్ని ఎంత తిట్టుకుంటారో నాకు ఆ ఉద్యోగం మానేశాకే తెలిసింది. మొన్న ఎక్కడో బస్సు ప్రమాదం. పక్కింటి మాస్టారు రెండు గంటలు టీవీ ముందే ఉన్నారు. అదే బస్సు, అదే క్రేను, కింద ఎర్ర పట్టీ, పైన యాంకర్ కేకలు. ‘నాలుగు చానళ్లు, నాలుగు లెక్కలమ్మా. మా మేనల్లుడు ఆ దారినే వస్తున్నాడు, నేను దేన్ని నమ్మేది?’ అన్నారు. ఆయన ముందు తలెత్తలేకపోయాను. 2018లో నటి శ్రీదేవి బాత్‌టబ్బులో మునిగి పోయినప్పుడు, తామూ ఒక టబ్బులో పడుకుని చూపించినవాళ్లు మనవాళ్లే. 2008లో ముంబై దాడులప్పుడు కమాండోల కదలికలను లైవ్‌లో చూపించినందుకు సుప్రీంకోర్టు 2012లో చానళ్లను తప్పుపట్టింది. అలాంటి ఆపరేషన్లు లైవ్ ఇవ్వకూడదని 2015లో రూలే తెచ్చారు. అవన్నీ నీకు ట్రైనింగులో చెప్తారులే. నా సంగతి ఎవరూ చెప్పరు.

2009 సెప్టెంబరు 2, బుధవారం. నీకప్పుడు ఆరేడేళ్లు. పొద్దున అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి, ఊళ్లో జనంతో ముఖాముఖి మాట్లాడే రచ్చబండకని బేగంపేట నుంచి హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. తొమ్మిదిన్నర కాకముందే సంబంధాలు తెగిపోయాయి. నల్లమల మీద వాన. డెస్కులో ఇరవై ఫోన్లు ఒకేసారి మోగుతున్నాయి. అంతలో మా స్ట్రింగర్, అదే ఊళ్ల నుంచి వార్తలు పంపే కుర్రాడు, లైన్లోకొచ్చాడు. ‘మేడమ్, ఎక్కడో దిగిందట. సీఎం బాగానే ఉన్నారట. రోడ్డు మీద వస్తున్నారట.’

మూడు ‘ట’లు. నేను విన్నాను. గోడ మీది మానిటర్లలో ఇంకో చానల్ అప్పటికే అదే వేసేసింది. వెనక నుంచి ఇన్‌చార్జ్, ‘ఇంకా ఆలోచిస్తావేంటి, వెయ్యి’ అన్నాడు. స్క్రోలింగులో ‘ట’ రాయకూడదని, రాస్తే వార్త పల్చగా కనిపిస్తుందని మాకు నేర్పారు. నా వేళ్లు అలవాటుగా టైపు చేశాయి: ‘సీఎం క్షేమం. రోడ్డు మార్గంలో పయనం.’

ఆ ఇన్‌చార్జ్ మీద తోసేస్తే తోసేయొచ్చు. వేళ్లు నావే కదా.

నంద్యాలలో మీ అవ్వ ఆ అక్షరాలు చదివింది. మన పిల్ల వేసిన వార్తని వీధంతా చెప్పుకొచ్చింది. గుళ్లో టెంకాయ కొట్టించింది. ఎదురింటామె పొద్దున్నుంచి పొయ్యి వెలిగించలేదట, అవ్వ మాట విన్నాక వెలిగించిందట. సాయంత్రానికి ఆ స్క్రోలింగు చడీచప్పుడు లేకుండా తీసేశాం. తప్పయిందని ఒక్క లైను కూడా వెయ్యలేదు. అందుకే అంటా, తీసేసేటప్పుడు తీసేస్తున్నామని చెప్పు, ఎంత చిన్నదైనా సరే. మర్నాడు పొద్దున నల్లమలలో పావురాలగుట్ట మీద హెలికాప్టర్ శకలాలు కనిపించాయి. అందులో ఉన్న ఐదుగురూ పోయారు.

వారం తర్వాత స్ట్రింగర్‌ని అడిగాను, నీకెవరు చెప్పారని. ఇంకో చానల్ కుర్రాడు చెప్పాడట. వాడికో హోంగార్డు చెప్పాడట. ఆ హోంగార్డు టీవీలో చూశాడట. టీవీ నుంచి బయల్దేరి తిరిగి టీవీకే వచ్చింది, మధ్యలో అడవిలోకి వెళ్లినవాడు ఒక్కడూ లేడు. ముగ్గురు చెప్తే నిజమనుకుంటాం చూడు, ఆ ముగ్గురూ ఒకే నోరు కావొచ్చు. ‘ఎవరు చెప్పారు’ అని ఆగిపోకు, ‘నువ్వు చూశావా’ అని అడుగు. విసుక్కుంటాడు, విసుక్కోనీ. పాపం వాడికి వార్తకింతని తప్ప జీతం లేదు, తిట్టకు.

చావు వార్త తప్పు వెయ్యొద్దని అందరూ జాగ్రత్త చెప్తారు. నాకు భయం ఆ ‘క్షేమం’ అనే మాట అంటేనే. మంచి కబురని ఎవరూ తిరిగి అడగరు.

ఆ పండక్కి ఇంటికెళ్తే అవ్వ నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నం వడ్డిస్తూ, ‘అది నువ్వే రాసింటివా?’ అని మాత్రం అడిగింది. నేనేనన్నాను. ఇంకో గరిటె పప్పు వేసి లోపలికి వెళ్లిపోయింది. తిట్టివుంటే బాగుండేది.

ఇప్పటికీ టీవీలో ఎర్ర పట్టీ పడగానే సౌండు తీసేసి నాకు ఫోన్ చేస్తుంది. ‘ఏమే, ఉందా, ఉందటనా?’ అంటుంది. ఇకమీదట నీకు చెయ్యమని చెప్పాను. చెవి కాస్త మందం, గట్టిగా మాట్లాడు.

ఆవకాయ మీ అమ్మతో పంపిస్తున్నా.

మీ పెద్దమ్మ