బంగారు రంగు జుట్టంటే జనానికి అంత మోజెందుకు?

మా తమ్ముడు అమలాపురంలో జుట్టుకి బ్లీచ్ కొట్టించుకుని ఇంటికొస్తే, అమ్మమ్మ గుమ్మంలోనే ఆపి "ఏరా, తలకి నూనె పెట్టడం మానేశావా, కొబ్బరి పీచులా ఉంది" అంది. మన కోనసీమలో పిల్లల జుట్టు రాగి రంగుకి తిరిగితే సరైన తిండి లేదేమో అని కంగారు పడతారు, పోషకాహారం బాగా తగ్గితే నిజంగానే అలా పాలిపోతుంది కూడా. ఇంచుమించు అదే రంగు హాలీవుడ్ హీరోయిన్‌కి ఉంటే మాత్రం అందం!

మోజుకి మొదటి కారణం అరుదుతనమే. జుట్టుకి నలుపునిచ్చే యూమెలనిన్ అనే రంగు పదార్థం తక్కువైతే ఆ రంగు వస్తుంది, అది ఎక్కువగా కనిపించేది ఉత్తర ఐరోపాలో. అక్కడా చాలామందికి చిన్నప్పుడు పసిడి రంగులో ఉన్న జుట్టు పెద్దయ్యేసరికి ముదిరిపోతుంది, అందుకే దాన్ని లేత వయసుతో ముడిపెట్టారని నా అభిప్రాయం. మిగతా పని సినిమా చేసింది: 1930ల్లో జీన్ హార్లో, తర్వాత మార్లిన్ మన్రో. మన్రో అసలు జుట్టు గోధుమ రంగు, మనం చూసిందంతా డై. "అందగత్తె కానీ తెలివి తక్కువ" అనే పాడు జోకు కూడా ఆ మోజు వెంటే వచ్చింది.

బంగారు జుట్టు తెల్లవాళ్ళ సొత్తేం కాదు. పసిఫిక్ సముద్రంలోని సోలమన్ దీవుల్లో నల్లటి ఒంటి రంగు వాళ్ళలో కొందరికీ పుట్టుకతో ఉంటుంది, కారణమైన జన్యు మార్పు ఐరోపా వాళ్ళది కాదని 2012లో తేలింది.

మన జుట్టుకి ఆ రంగు రావాలంటే ముందు పెరాక్సైడ్‌తో నలుపంతా లాగేయాలి, వెంట్రుక పెళుసెక్కిపోతుంది. మావాడు నెల తిరక్కుండానే గుండు కొట్టించుకున్నాడు.