ఇంతకన్నా చీలిన రోజులు చూశాను

ప్రశ్న: "ఎన్నికల గొడవ వల్ల మా మామగారితో ఏడాదిగా మాటల్లేవు. జనం పార్టీలవారీగా ఇంతగా చీలిపోవడం మన దేశంలో ఇదివరకు ఎప్పుడైనా ఉందా? ఎమర్జెన్సీ రోజుల్లో కూడా ఇలాగే ఉండేదా? పెద్దవాళ్లు ఎవరైనా చెప్పండి."

పెద్దవాళ్లు అన్నారు కాబట్టి జవాబు రాసే అర్హత నాకుంది. డెబ్బై దాటి రెండేళ్లయింది. ఇప్పుడున్నదాన్ని చీలిక అంటే 1972 చూసినవాళ్లు నవ్వుతారు. మీరు ఎమర్జెన్సీ గురించి అడిగారు, దానికీ వస్తాను. కానీ చీలిక అన్న మాట వినగానే నాకు గుర్తొచ్చేది ఇందిరాగాంధీ కాదు, తెనాలిలో మేం అద్దెకున్న రెండు వాటాల ఇంటి ప్రహరీ గోడ.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. బీఏ రెండో సంవత్సరం, అందులోనూ తెలుగు ప్రత్యేకాంశం. ఈ వివరం గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. ఆ ఏడాది అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హైదరాబాదు సంస్థానంలో పదిహేనేళ్లు నివాసం ఉన్నవాళ్లకే అక్కడి ఉద్యోగాలన్నది నిజాం కాలం నాటి నియమం. మన రాజధానిలో మనం పరాయివాళ్లమెలా అవుతామని కోస్తా, రాయలసీమ జిల్లాలు భగ్గుమన్నాయి. 1969లో తెలంగాణ విద్యార్థులు విడిపోతామని రోడ్డెక్కినప్పుడు వాళ్లకు సమైక్యత గురించి నీతులు చెప్పిన మేమే, మూడేళ్లు తిరిగేసరికి జై ఆంధ్ర అంటూ మేమూ విడిపోతామన్నాం. ఇందులో ఉన్న విచిత్రం అప్పట్లో మా వీధిలో ఎవరికీ తోచలేదు. నాకైతే నలభై ఏళ్లు పట్టింది.

రైళ్లు ఆగిపోయాయి. పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. కాలేజీలు నెలల తరబడి తెరవలేదు, నా డిగ్రీ ఏడాది వెనక్కి జరిగింది. డిసెంబరులో మొదలైన ఎన్జీవోల, అంటే నాన్-గెజిటెడ్ ప్రభుత్వోద్యోగుల సమ్మె వంద రోజులు దాటింది. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా, సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో మా పేరున్న పేజీ నిండిపోయి పక్క పేజీలోకి వెళ్లింది. జనవరిలో పి.వి. నరసింహారావు మంత్రివర్గం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఇప్పటివాళ్లు టీవీలో ఇద్దరు అధికార ప్రతినిధులు అరుచుకుంటే దేశం రెండుగా చీలిందంటున్నారు. ఆ టీవీ చర్చల గురించి మొదలుపెడితే ఈ జవాబు ఎప్పటికీ ముగియదు. ఎదుటివాడు మాట్లాడుతుండగా కుర్చీలోంచి లేచి వెళ్లిపోవడాన్ని నిరసన అంటారట. మా నాన్న లెక్కలో అది పెంపకంలో లోపం.

సరే, గోడ సంగతి. మా పక్క వాటాలో ఉండే ఆయనది వరంగల్. రైల్వేలో గూడ్సు గుమాస్తా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ముల్కీ నిబంధనలతో ఆయనకు పూచికపుల్లంత సంబంధం లేదు. కానీ తెలంగాణవాడంటూ మా వీధి కుర్రాళ్లకు దొరికింది ఆయనొక్కడే. ఒక రాత్రి రోడ్డు పనికి దింపిన పీపాలోంచి తారు ముద్ద తెచ్చి, డాల్డా డబ్బాలో వేసి చితుకుల మంట మీద కరిగించాం. తాటిమట్ట చివర రాయితో చితక్కొట్టి కుంచె చేశాం. మిగతా ముగ్గురూ కాపలా. అందరిలో నా దస్తూరీ బాగుంటుంది కాబట్టి రాసే గౌరవం నాకు దక్కింది. ఆయన గుమ్మానికి పక్కగా, మూరెడేసి అక్షరాలతో, "ముల్కీ వెళిపో" అని రాశాను.

తెల్లవారుజామున మా నాన్న నీళ్లు తోడుకోవడానికి నూతి దగ్గరికి వెళ్లి చూశాడు. నా చేతులకు అంటిన తారూ చూశాడు. కొట్టలేదు. ముందు రోజు సాయంత్రం ఊరేగింపులో నాకన్నా గట్టిగా జై ఆంధ్ర అన్న మనిషి, ఉపన్యాసం కూడా ఇవ్వలేదు. "ఒరేయ్, ఆ గోడ ఇల్లుగలావిడది. రెండు నెలల అద్దె బాకీ ఉన్నాం. ఆవిడ గుడి నుంచి వచ్చేలోపు అది కనపడకూడదు" అన్నాడు. అంతే.

గుల్లసున్నం కలిపి, చిటికెడు నీలిమందు వేసి పూయడం మొదలుపెట్టాను. తారు మీద సున్నం పట్టదని నాకేం తెలుసు? చుట్టుపక్కల గోడంతా ఆరి మల్లెపువ్వులా తెల్లబడింది, అక్షరాల మీద పూసింది మాత్రం పెచ్చులుగా రాలింది. రాత్రి లాంతరు వెలుగులో మసగ్గా కనిపించిన రాత, ఇప్పుడు వీధి మలుపు నుంచి కూడా చదువుకునేటట్టు తయారైంది. రెండో పూత వేస్తున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన రాత్రి డ్యూటీ దిగి, చేతిలో క్యారియరుతో వచ్చాడు.

నా వెనక నిలబడ్డాడు. చదివాడు. ఎవరు రాశారని అడగలేదు. నా మోచేతుల దాకా తారే, అడగాల్సిన పని కూడా లేదు. కాసేపటికి, "బాబూ, ళ కింద వత్తు మరిచిపోయావు" అన్నాడు.

తెలుగు ప్రత్యేకాంశం!

లోపలికి వెళ్లి ఇనప బద్ద ఒకటి, కిరసనాయిలు సీసా, పిడికెడు నూలు పీచు పట్టుకొచ్చాడు. "ముందు గీకాలి. తరవాత కిరసనాయిలుతో తుడవాలి. అది ఆరాకే సున్నం. షెడ్డులో రోజూ చూసే పనే" అని ఒక అక్షరం తనే గీకి చూపించాడు. రేషను మీద తెచ్చుకున్న కిరసనాయిలు అది. సగం సీసా మా గోడే తాగింది.

ఈలోగా నాన్న బయటికొచ్చాడు. క్షమాపణ చెబుతాడనుకున్నాను. ఇద్దరూ ముల్కీ గురించి వాదనకు దిగారు! నేను గీకుతూనే ఉన్నాను, నా తల మీదుగా మాటలు. ఆంధ్ర, తెలంగాణ కలిసేటప్పుడు 1956లో చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో ఒక్క హామీ అయినా సరిగ్గా నిలబెట్టుకున్నారా అని ఆయన. పన్నులు మావి కూడా కలిసిన రాజధానిలో మా పిల్లలకు గుమాస్తా ఉద్యోగానికి కూడా దిక్కులేదా అని మా నాన్న. గంటసేపు సాగింది. ఎవరూ అంగుళం తగ్గలేదు. మధ్యలో మా అమ్మ ఇద్దరికీ కాఫీ ఇచ్చింది, నాకు ఇవ్వలేదు. చివరికి ఆయన నిద్రకు, నాన్న సమ్మె శిబిరానికి వెళ్లారు. మర్నాడు మళ్లీ నూతి దగ్గర అదే వాదన, నిన్న ఆపినచోటు నుంచి.

ఆ ఉద్యమం 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకంతో చల్లారింది. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు అవకాశాలు చూసే రాజ్యాంగంలోని 371-డి అధికరణం, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం దాని ఫలితాలే. మా మనవరాలు అక్కడే ఎమ్మే చేసింది. ఆ చెట్ల నీడ వెనక తాతయ్య తారు డబ్బా కూడా ఉందని నేను చెప్పేదాకా ఆ పిల్లకు తెలియదు. పక్క వాటా ఆయన 1974లో కాజీపేటకు బదిలీ అయ్యాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి, రెండోదానికి జవాబు రాయాల్సింది నేనే, రాయలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం నిజంగానే రెండైన రోజు, ఆ అర్ధరాత్రి టపాసుల చప్పుడు టీవీలో వింటూ ఆయననే తలుచుకున్నాను.

ఇక ఎమర్జెన్సీ. మీ ప్రశ్నలో అసలు పొరపాటు ఇక్కడే ఉంది. ఎమర్జెన్సీలో చీలిక ఉండేదా అని అడిగితే, కనపడేది కాదు అనే చెప్పాలి. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టారు. ఆ తరవాత 21 నెలల పాటు మీసా (విచారణ లేకుండా నిర్బంధించే ఆంతరంగిక భద్రతా చట్టం) అనీ, భారత రక్షణ నిబంధనలనీ లక్ష మందికి పైగా లోపల వేశారు. పత్రికల మీద సెన్సారు. నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ కోర్టుకెళ్లే వీలు ఎమర్జెన్సీలో లేదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో ఒప్పుకోనిది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. అప్పటికి నేను కూడా గుమాస్తాగా చేరాను. మా ఆఫీసులో రాజకీయాలు మాట్లాడేవాళ్లే లేరు. ఎంత ప్రశాంతంగా ఉండేదో! రైళ్లు వేళకు వస్తున్నాయని మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. దాచి ఏం లాభం.

అందుకే ఈ "అప్రకటిత ఎమర్జెన్సీ" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ పార్టీ అయినా ప్రతిపక్షంలోకి రాగానే పలికే మొదటి మాట అది. అధికారంలోకి రాగానే మరిచిపోయే మాట కూడా అదే. మైకు ముందు నిలబడి, నాలుగు చానళ్లు ప్రత్యక్ష ప్రసారం చేస్తుండగా, నోరెత్తనివ్వడం లేదని వాపోతారు. ఇప్పుడు అరెస్టులు లేవని, భయాలు లేవని నేననడం లేదు. ఆ పేరు పెట్టేముందు మీసా కింద జైల్లో పడ్డ మనిషి ఇంటికి ఒక్కసారి వెళ్లి రమ్మంటున్నాను.

1977 మార్చి ఎన్నికలు చూడండి. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలు, బీహార్‌లో 54. వాటిలో కాంగ్రెసుకు ఒక్కటీ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీయే రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయారు. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42లో 41 కాంగ్రెసువే. జనతా తరఫున గెలిచింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరు. మా నాన్న జనతా వాళ్లు పోటీ చేసిన నాగలి రైతు గుర్తుకు వేశాడు, నేను కాంగ్రెసు ఆవు-దూడకు వేశాను. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఏ స్థాయిలో జరిగాయో మాకు సెన్సారు పోయాక గానీ తెలియలేదు. ఒకే దేశంలో సగం మంది ఏడుస్తుంటే మిగతా సగానికి వినపడకపోవడం, దాన్ని అనండి చీలిక అని. ఇప్పుడు వినపడుతున్నది గోల. చెవులు నొప్పి పుడతాయి నిజమే, కానీ వినపడుతోంది కదా.

ఇంత ధీమాగా రాస్తున్నానని నన్ను పెద్దమనిషి అనుకోకండి. తెలుగునాట ఇంటి ముందు పడే పేపరు చూసి ఆ ఇంటి పార్టీ చెప్పేయొచ్చు. మా తోడల్లుడి ఇంట్లో పడే పేపరు నేను ముట్టుకోను. రాజధాని గొడవల్లో ఆయన మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఆరింటికి పెట్టే కార్టూన్లు భరించలేక గ్రూపులోంచి బయటికొచ్చేశాను. మనవడి బారసాల ఫొటోల కోసం మళ్లీ చేరాను. ఆయనతో నేను వాదించి అయిదేళ్లయింది. కనపడితే షుగరు ఎంతుందని అడుగుతాను, బీపీ ఎంతుందని ఆయన అడుగుతాడు. మా నాన్నా, ఆ గూడ్సు గుమాస్తా ఒక్క ఉదయం అనుకున్నన్ని మాటలు మేమిద్దరం ఈ అయిదేళ్లలో అనుకోలేదు. దీనికి కారణం దేశం అని నేను చెప్పగలను గానీ, మా ఆవిడ నమ్మడం లేదు.

మీ విషయానికొస్తే, ప్రశ్న కింది వివరణలో మీరు ఏ పార్టీయో, ఆయన ఏ పార్టీయో, ఏ పోలింగ్ బూతులో ఎన్ని ఓట్ల తేడా వచ్చిందో అన్నీ వివరంగా రాశారు. మీ మామగారి వయసెంతో రాయలేదు.