గోడ మూసేముందు ఒక ఫోటో పంపు

చిట్టీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. ఇంట్లో కన్నం పడిన డ్రైవాల్‌ని, అదే ఆ జిప్సం షీట్ల గోడని, నువ్వే బాగుచేస్తానంటున్నావట. "చంటిపిల్లతో దానికి ఇవన్నీ అవసరమా, నువ్వైనా చెప్పరా" అని నా మీద పడింది. నేను వద్దని చెప్పను. పదేళ్లప్పుడు తెనాలి ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పి మళ్లీ బిగించిన పిల్లవి, నీకు చేతకాకపోతే ఇంకెవరికి చేతనవుతుంది? చాలా సంతోషమేసింది. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

మీ ఇల్లు 1974లో కట్టిందని కొన్నప్పుడు చెప్పావు. ఆ రోజుల్లో గోడ అతుకులకు పూసే మడ్ అనే ముద్దలో, ఊపిరితిత్తులకి చేటు చేసే ఆస్బెస్టాస్ నార కలిపేవాళ్లు, పెయింట్‌లో సీసం ఉండేది. అమెరికాలో ఆస్బెస్టాస్ మడ్‌ను 1977లో, ఇళ్ల పెయింట్‌లో సీసాన్ని 1978లో నిషేధించారు. మీ ఇల్లు రెండిటికీ ముందుదే. కాబట్టి కత్తి పెట్టకముందే టెస్ట్ చేయించు. టెస్ట్ చేసేవాళ్లే వచ్చి గోడ ముక్క తీసుకెళ్తారు, నాలుగు డబ్బులు పోతే పోనీ. రిపోర్ట్ వచ్చేదాకా ఆ గోడ మీద శాండ్‌పేపర్ ఆనించకు. ఏదైనా ఉందని తేలితే లైసెన్స్ ఉన్నవాళ్లకు వదిలెయ్. పాప ఇంకా పాకుతోంది, చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఈ ఒక్క విషయంలో బతిమాలుతున్నాననుకో.

రిపోర్ట్ బాగుంటే, తలుపు పిడి తగిలి పడిన కన్నం పెద్ద పనేం కాదు. ముందు ఆ గదికి కరెంటు బ్రేకర్ ఆపు. కన్నాన్ని చతురస్రంగా కోసి, వెనక చెక్కపట్టీ బిగించి, అదే మందం ముక్క పెట్టి స్క్రూలు వెయ్. గోడకి మామూలుగా అరంగుళం షీటే ఉంటుంది, అయినా కొలిచి కొను. రంపం అంతకన్నా లోతుకు దిగనివ్వకు, వెనక వైర్లుంటాయి. పైన పేపర్ టేపు, మడ్ మూడు పూతలు. ప్రతి పూతా కిందటిదాని కన్నా వెడల్పుగా, పల్చగా ఉండాలి. మధ్యలో ఒక్కో రోజు ఆరనివ్వు. ప్రైమర్ వెయ్యకుండా పెయింట్ వేస్తే పూత వేసినమేరా వేరే నిగారింపుతో కనిపిస్తుంది.

అక్క మాటల మధ్యలో ఇంకొకటి అంది. "బాత్రూమ్ వైపు గోధుమరంగు మచ్చ కూడా ఉందట, దాన్నీ కలిపి పూసేస్తానంటోంది" అని. అప్పుడు నా గుండె గుభేలుమంది.

1996లో న్యూజెర్సీలో మీ అమ్మమ్మ మొదటిసారి మా ఇంటికి వస్తోంది. ఆవిడ కోసం సర్దిన గదిలో, షవర్ వెనక గోడకి టీ సాసరంత మచ్చ ఉండేది. బొటనవేలితో నొక్కితే కొంచెం మెత్తగా తగిలింది. పాత మచ్చే అనుకున్నాను. పై కాగితం చెక్కేసి, మడ్ పట్టించి, రెండు పూతలు పెయింట్ వేశాను. గోడ కొత్తదానిలా అయింది. విమానం దిగిన రోజే అమ్మకి చూపించి, నేనే చేశానని చెప్పుకున్నాను. ఆవిడ గోడ నిమిరి "నున్నగా వచ్చిందిరా" అంది. మంచం ఆ గోడకే ఆనించి వేశాం.

మూడు వారాలకి మచ్చ అదే చోట, అదే ఆకారంలో పెయింట్ మీదకి వచ్చింది. అమ్మకి రాత్రుళ్లు దగ్గు. చలి పడక అంటూ ఉండేది. ఒకరోజు దుప్పటి మార్చడానికి వంగితే తడిసిన గోనెసంచి వాసన కొట్టింది. ఆ రాత్రే గోడ కోశాను. కాగితం వెనకంతా నల్లటి బూజు. కింది చెక్క వేలు పెడితే దిగబడేంత నానిపోయింది. షవర్ పైపు అతుకు దగ్గర ఒక్కో చుక్కా పడుతూనే ఉంది. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని టార్చ్ పట్టుకుంది. వచ్చిన రోజు నుంచీ ఆవిడకి ఆ వాసన తెలుసట. "అంత ముచ్చటగా చూపించావు, ఎలా చెప్పమంటావురా" అంది. గోడ మార్చాక దగ్గు తగ్గింది. బూజు వల్లేనా అని డాక్టర్ తేల్చి చెప్పలేదు. నా మటుకు నాకు అనుమానం లేదు. ఆవిడ పోయి పదకొండేళ్లయింది, ఆ టార్చ్ వెలుతురు మాత్రం కళ్లముందే ఉంది.

అందుకని మచ్చ మీద ఏదీ పుయ్యకు. రిపోర్ట్ వచ్చాక అక్కడ కోసి చూడు. షవర్ పావుగంట వదిలి, టార్చ్ వేసి పైపు అతుకులు తడిమి చూడు. లీకు దొరికితే ప్లంబర్‌ని పిలు, అందులో మొహమాటం వద్దు. తడిసిన డ్రైవాల్ ఆరినా పనికిరాదు. గట్టిగా, పొడిగా ఉన్నచోటు వచ్చేదాకా కోసి పారెయ్. ఆ తర్వాత చెక్కలు పూర్తిగా ఆరేవరకు గోడని తెరిచే ఉంచు. గది చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, ఉండనీ. పాపని మాత్రం అన్నాళ్లూ ఆ గదిలోకి తీసుకెళ్లకు.

నా పన్నెండంగుళాల మడ్ కత్తి పోస్టులో వేశాను. అంచు తుడిచి పంపాను, చెయ్యి జాగ్రత్త. మూసేముందు గోడ లోపలి ఫోటో ఒకటి పంపు. నేను చూసి సరే అన్నాకే ముక్క బిగించు. ఎంత రాత్రయినా ఫోన్ ఎత్తుతాను.

మీ మామయ్య