సుబ్బారావుకు సుబ్బారావు రాసిన ఉత్తరం

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవి సుబ్బారావుకు,

ఆశీస్సులు. నువ్వు పంపిన ‘మన సుబ్బారావులు’ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కాఫీతో చదివినప్పుడు ముచ్చటేసింది. పెన్సిల్‌తో చదివాక మూడు పేజీల్లో ఒకటిన్నర కొట్టేశాను. కోపం తెచ్చుకోకు. అడిగింది నువ్వే.

“ఈ పేరులోనే ఏదో మహిమ ఉంది” అని మొదలుపెట్టావు. ముందు ఆ వాక్యం తీసెయ్. మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురం సుబ్బారావులం ఉన్నాం. వాచ్‌మన్ మమ్మల్ని ఫ్లాట్ నంబర్లతోనే పిలుస్తాడు. మూడో అంతస్తు ఆయన పొద్దున్నే నీళ్ల మోటార్ గురించి గొడవ పడతాడు, కింది ఫ్లాట్ ఆయన ఆ గొడవని తీర్చబోయి ఇంకా పెద్దది చేస్తాడు. ఇక నా సంగతి నీకు తెలిసిందే. మహిమ ఉంటే మా ముగ్గురిలో ఒక్కరికైనా అంటుకోవాలి కదా!

ఇంతమంది సుబ్బారావులు ఎందుకున్నారో రాస్తే బాగుండేది. కృష్ణా, గోదావరి వైపు పిల్లలు పుట్టకపోతే సుబ్బరాయుడికి మొక్కుకునేవాళ్లు, నాగులచవితికి పుట్టలో పాలు పోసేవాళ్లు. పుట్టినవాడు సుబ్బారావో సుబ్బయ్యో అయ్యేవాడు. ఆ తర్వాత మనవడికి తాత పేరు. నాకు మా తాత పేరే పెట్టారు, నీకూ అంతే అయ్యుంటుంది. ఇటు తెలంగాణలో కొమురవెల్లి మల్లన్న పేరున కొమురయ్యలు, మల్లయ్యలు, గుట్ట పేరున యాదగిరులు. మీ క్లాసులో ఎంతమంది యాదగిరులు ఉండేవాళ్లో గుర్తు చేసుకో. మొక్కు గురించి ఒక్క పేరా రాసి ఉంటే ఆ మహిమ వాక్యంతో నీకు పనే ఉండేది కాదు.

రెండో సంగతి కాస్త సీరియస్. ఎంకి పాటలు రాయప్రోలు ఖాతాలో వేశావు. అవి నండూరి సుబ్బారావువి. ఏలూరులో ప్లీడరుగా ఉంటూ రాసిన మనిషి. రాయప్రోలు సుబ్బారావు వేరు. ఆయన మన ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడు. ఒకే పేరున్న వాళ్ల మీద రాస్తూ వాళ్లనే కలిపేస్తే, చదివేవాడు మిగతా వ్యాసమంతా అనుమానంగానే చదువుతాడు. ఇంగ్లీషులో వెతికావు కాబట్టే ఈ తిప్పలు అని నా అనుమానం. తెలుగులో ఒక్కలాగే రాసే పేరుని ఇంగ్లీషులో ముగ్గురు మూడు రకాలుగా రాశారు. జడ్జి కోకా సుబ్బారావు విడదీసి రాశారు, రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన దువ్వూరి సుబ్బారావు కలిపి రాశారు, అమెరికా వెళ్లిన సైంటిస్టు యల్లాప్రగడ సుబ్బారావు చివర్లో ‘రావు’ని ‘రో’ (Row) చేసుకున్నారు. ఇంగ్లీషు పడవని ‘రో’ చేయడానికి వాడే అక్షరాలే అవి. నీ ఫోనుకి ఇవన్నీ ఏం తెలుస్తాయి? చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి ఒక పూట కూర్చో. ఫ్యాను కింద సీటు కావాలంటే తొందరగా వెళ్లాలి, పోటీ పరీక్షల పిల్లలు ముందే వచ్చేస్తారు.

ఆ సైంటిస్టు గురించి నువ్వు రాసిన పేరా చూసి బాధేసింది. పుట్టింది 1895, పోయింది 1948, మధ్యలో డిగ్రీలు. ఉద్యోగానికి పంపే బయోడేటా కూడా అంతకంటే రుచిగా ఉంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. సొంత అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టక రక్తం తగ్గిపోయే జబ్బు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు అమెరికాలో లెడర్లే కంపెనీలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ జబ్బుకి పనికొచ్చే మందు అదే. ఇవాళ మన ఇళ్లలో కడుపుతో ఉన్న ప్రతి ఆడపిల్లకీ డాక్టరు రాసిచ్చే చిన్న మాత్ర. మొన్న మా కోడలి మందుల డబ్బాలో ఆ షీటు చూసి, “ఇది మన సుబ్బారావుది” అన్నాను. “మీరెప్పుడు కనిపెట్టారు మావయ్యా?” అంది. అదీ మన పేరు పరిస్థితి! ఆయన పేరు మీద ఒక బూజుకి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. అక్కడా ‘రో’నే, చూడు. ఇన్ని ఉండగా నువ్వు డిగ్రీలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావు.

కోకా సుబ్బారావు దగ్గర మాత్రం నిన్ను మెచ్చుకోవాలి. పార్లమెంటు ప్రాథమిక హక్కులని తగ్గించలేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చిన గోలక్‌నాథ్ కేసుని ఆరుగురు జడ్జిలు ఇటు, ఐదుగురు అటు అని తేలిగ్గా చెప్పావు, అర్థమైంది. మూసీ ఒడ్డున ఉన్న మన హైకోర్టుని వదిలేశావేం? 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు అక్కడ తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. నువ్వు రోజూ బస్సులో ఆ ఎర్రటి గోడల పక్క నుంచే కాలేజీకి వెళ్తావు. ఇంకోటి, 1967లో ఆయన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు, ఓడిపోయారు. గెలిచింది హైదరాబాద్‌లో పుట్టిన జాకీర్ హుస్సేన్. ఆ పేరు వినగానే ఇవాళ నీ వయసు పిల్లలకి గుర్తొచ్చేది రాష్ట్రపతి కాదు, తబలా. చూశావా, నీ సబ్జెక్టు నీ కాళ్ల దగ్గరే పడి ఉంది. నువ్వు దాన్ని దాటుకుని వెళ్లిపోయావు.

దువ్వూరి సుబ్బారావు దగ్గర ఎక్కువ ఆగక్కర్లేదు. 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు కుర్చీలో కూర్చున్నారు, పది రోజులకి అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. ఆ ఒక్క వాక్యం చాలు, ఆ మనిషి టెన్షన్ ఎలాంటిదో పాఠకుడే ఊహించుకుంటాడు. ఒక పాత వంద నోటు నా డైరీలో ఉంది, ఆయన సంతకంతో. కూరగాయల బండి దగ్గర చిల్లరగా వచ్చింది. మధ్యలో మడత పడి, ఓ మూల ఎవరో బాల్ పెన్నుతో లెక్క వేసుకున్న నోటు. మన పేరు ఇన్ని చేతులు మారిందన్న సంతోషంతో దాచుకున్నాను. మా ఆవిడ దృష్టిలో అది వంద రూపాయల దండగ.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఐదుగురినీ కలిపే దారం కోసం నువ్వు తెగ వెతికావు. పట్టుదల అన్నావు, క్రమశిక్షణ అన్నావు. అలాంటిదేమీ లేదు నాయనా. పాట రాసినవాడికీ మందు కనిపెట్టినవాడికీ మధ్య పేరు తప్ప ఏమీ లేదని ఒప్పుకో. ఒప్పుకున్నాక వాళ్ల మధ్య తేడాలు కనిపించడం మొదలవుతాయి. ఒకటి నేను చెప్తాను, మిగతావి నువ్వు పట్టుకో. మనవాళ్లలో పేరు తెచ్చుకున్నవాడి పేరులోంచి ముందు రాలిపోయేది ‘సుబ్బారావే’. రాయప్రోలు అంటాం, నండూరి అంటాం, యల్లాప్రగడ అంటాం. ఊరి పేరో, ముత్తాతల నాటి హోదానో మిగులుతుంది. ప్రోలు అంటే ఊరు, ప్రగడ అంటే మంత్రి. అమ్మానాన్నలు మొక్కుకుని పెట్టిన పేరు మాత్రం ఎగిరిపోతుంది. రిజర్వు బ్యాంకు గవర్నరు మాత్రం సుబ్బారావుగానే మిగిలారు, ఎందుకంటే ఆయన పేరు పలికింది ఎక్కువగా ముంబై, ఢిల్లీ వాళ్లు. వాళ్లకి ఇంటిపేరు ముందుంటుందని తెలియదు.

చివర్లో అడిగావు, ఈ పేరుతో కథలు పంపితే ఎవరూ గుర్తుపెట్టుకోరేమో, కలం పేరు పెట్టుకోనా అని. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యాడు. సినిమాల్లో కోట శ్రీనివాసరావు, సింగీతం శ్రీనివాసరావు పేరు మార్చుకోకుండానే బతికారు. సి. నారాయణరెడ్డి సినారె అయ్యారు. నల్లగొండ నుంచి 1952లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన రావి నారాయణరెడ్డికి ఆ అవసరం రాలేదు. రెండు దారులూ ఉన్నాయి. కలం పేరు పెట్టుకుంటే మాత్రం బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు కూడా పత్రికవాళ్లకి రాసివ్వు. లేకపోతే పారితోషికం చెక్కు పట్టుకుని మేనేజరు ముందు నిలబడి, నేనే ఆయన్ని అని ఆధార్ కార్డుతో నిరూపించుకోవాలి.

నేను ఇంటిపేరు కలుపుకున్నది ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు. నా రెండో కథ ఒక వారపత్రికలో వచ్చింది, పక్కన ఫొటో ఇంకో సుబ్బారావుది. రెండు వారాలకి ఆయనే అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చాడు. ఏదో ఆఫీసులో గుమాస్తా, చంకలో గొడుగు, చేతిలో పత్రిక. “మా వాళ్లంతా నేనే రాశాననుకుంటున్నారండీ, కాదంటే నమ్మడం లేదు” అన్నాడు. మంచినీళ్లు తాగాక మెల్లగా అన్నాడు, “కథ బాగానే ఉంది గానీ, ఆ ముసలావిడని చంపకుండా ఉండాల్సింది. మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది.” నవ్వొచ్చింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ముగింపు తొందరలో ఆవిడని నిజంగానే అనవసరంగా చంపాను. పుస్తకంగా వేసినప్పుడు ఆవిడ బతికే ఉంది. ఆ గుమాస్తాకి ఒక కాపీ పంపాను, ‘సుబ్బారావు గారికి, సుబ్బారావు’ అని రాసి.

నీ వ్యాసంలో ఆఖరి పేరా, “పేరు కాదు, పనే మనిషిని నిలబెడుతుంది” అన్నది, పూర్తిగా కొట్టేశాను. అక్కడ ఆ జాకీర్ హుస్సేన్ సంగతి పెట్టి ఆపెయ్.

తిరగరాసి ఆదివారం పొద్దున్న ఆబిడ్స్‌కి పట్టుకురా. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే వేళకి వస్తే, పది దాటకముందే మంచివి దొరుకుతాయి. తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. వంద నోటు చూపిస్తాను. బిల్లు మాత్రం నువ్వే కట్టాలి, ఆ నోటు నేను తీయను.

ఇట్లు,
నీ మాస్టారు